కామేశం నాలుక

ఒకే మాటను పాతికేళ్లపాటు చెప్పి చెప్పి విసిగిపోయిన ఆడమనిషి కనిపెట్టిన పెరుగు అది. ఆ మాట "చాలు". చెప్పిన మనిషి డాక్టర్ భ్రమరాంబ. వినని మనిషి ఆమె భర్త కామేశం.

కాకినాడ చుట్టుపక్కల పెళ్లి వంటలంటే ముందు కామేశం పేరే చెప్పుకునేవారు. ఆయన చేసే కందా బచ్చలి కూర కోసం ముహూర్తాలు మార్చుకున్న వాళ్లున్నారని కూడా అనేవారు. అందులో సగం కోతలనుకున్నా మిగతా సగం నిజమే. అలాంటి మనిషిని నలభై నిండకుండానే షుగరు పట్టుకుంది. పట్టుకుంటే మాత్రం ఏం, పూర్ణం బూరె వదిలాడా? అబ్బే! పెళ్లిళ్లలో రుచి చూడ్డానికని తినడం, ఇంటికొచ్చాక ఆకలేసిందని తినడం. "చాలండీ" అని ఆవిడ, "ఇదొక్కటేనే" అని ఆయన. రోజూ ఇదే భాగోతం. ఈ కాపలాలో ఆవిడ అన్నం ఆవిడ కంచంలోనే చల్లారిపోయేది. తను ఏం తిందో, అందులో ఉప్పుందో లేదో కూడా ఆవిడకు పట్టేది కాదు. కళ్లెప్పుడూ ఆయన కంచం మీదే ఉండేవి.

ఆ తర్వాత కాలి బొటనవేలు పోయింది. చెప్పు కరిచిన చిన్న పుండు మానక నల్లబడితే వేలు తీసేశారు. "ఇంకో పుండు పడితే పాదం తీసెయ్యాల్సొస్తుందండి. ఇక మీ ఇష్టం" అన్నాడు ఆపరేషను చేసిన డాక్టరు. ఆ కట్టు ఇంకా విప్పకముందే, ఒకరోజు ఆయన వంటింట్లో గోడ పట్టుకుని నిలబడి బెల్లం ముక్క నోట్లో వేసుకుంటూ భ్రమరాంబ కంట పడ్డాడు. ఆమె అరవలేదు. అరిచే ఓపిక ఎప్పుడో అయిపోయింది. గుమ్మానికి ఆనుకుని నేలమీద కూలబడిపోయింది. ఈ మాట ఇక నేను చెప్పలేను దేవుడా, ఆయన లోపలినుంచే ఎవరైనా చెబితే బాగుండును అనుకుంది.

అలా అనుకోవడమే ఆమె పరిశోధన అయి కూర్చుంది.

భ్రమరాంబ పనిచేసేది పిఠాపురం రోడ్డులో ఉన్న ఒక పోషకాహార పరిశోధనశాలలో. పాలను పెరుగు చేసే సూక్ష్మజీవుల మీద ఆమెకు డాక్టరేటు ఉంది. పెళ్లినాటికి ఆమె చదివింది ఇంటరే. ఆపై చదువంతా కామేశం గరిటె మీద నడిచింది. ఆయన పెళ్లిళ్లలో వండి తెచ్చిన దానితో ఆమె పుస్తకాలు కొనుక్కుంది, పరీక్షలు రాసింది, తెల్లకోటు తొడుక్కుంది. ఆ సంగతి ఆమె ఎన్నడూ మరిచిపోలేదు. మరిచిపోలేకపోవడం కూడా ఒక బరువే.

పెరుగు తయారయ్యాక, ప్రయోగానికి పేర్లిచ్చిన వాళ్లలో పక్కింటి వరహాలమ్మ ఒకావిడ. ఆవిడకీ షుగరే, ఆవిడకీ తీపంటే ప్రాణమే. రోజుకో చిన్న కప్పు పెరుగు తిని, నెల తిరిగాక పరిశోధనశాలకు వచ్చింది. భ్రమరాంబ కింద పనిచేసే నస్రీన్ ఆవిడ ముందు పళ్లెం నిండా మైసూరుపాకు పెట్టింది.

"ఎన్నైనా తినొచ్చా అమ్మా? తర్వాత తిట్టరు కదా?" అంది వరహాలమ్మ, మొహం చేటంత చేసుకుని.

"తినండి ఆంటీ, మీ ఇష్టం" అంది నస్రీన్.

మొదటి ముక్క కళ్లు మూసుకుని తింది. రెండో ముక్క సగం కొరికి ఆగిపోయింది. నోట్లో ఉన్నది మింగలేక, ఉమ్మలేక, భ్రమరాంబ వంక చూసింది. "ఇదేంటమ్మా, తడిసిన అట్టముక్కలా ఉంది! మొదటిది బానే ఉందే! వేరే కొట్లోదా ఇది?"

రెండూ ఒకే పళ్లెంలోవి. ఆ పెరుగులోని సూక్ష్మజీవి పేగుల్లో కాపురం పెట్టి, ఒంటికి కావలసినంత అందగానే నెత్తుట్లోకి ఒక పదార్థాన్ని వదులుతుంది. అది వెళ్లి నాలుకకు తాళం వేస్తుంది. మళ్లీ ఒంటికి అవసరం పడేదాకా అమృతం పెట్టినా అట్టముక్కే. నస్రీన్ చప్పట్లు కొట్టింది. భ్రమరాంబ మాత్రం కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. ఆమె కళ్లముందు కనిపించింది వరహాలమ్మ కాదు, కామేశం.

కానీ సిబ్బంది ఇంట్లోవాళ్లను ప్రయోగంలోకి తీసుకోకూడదని నిబంధన. ఒక్క కప్పు సంచిలో వేసుకుపోతే అడిగేవాళ్లు లేరు. చాలాసార్లు చెయ్యి కప్పుల దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. చెప్పకుండా మొగుడి కడుపులో ఏదో పెట్టే మనిషిని కాను అనుకుని ఉత్త చేతులతోనే ఇంటికి పోయేది.

ఇంకొక సంగతి. ఈ సూక్ష్మజీవి ఎక్కడపడితే అక్కడ బతకకూడదని దానికో పథ్యం పెట్టారు. అది బతకాలంటే ఒక పదార్థం కావాలి. ఆ పదార్థం మామూలు పాలలో ఉండదు. కప్పుల్లో పరిశోధనశాల వాళ్లే కలుపుతారు. కప్పు తినడం మానేస్తే కడుపులోది కొన్నాళ్లకు చస్తుంది. ఎవరైనా ఇంటికి తీసుకుపోయి పాలలో తోడేసినా అది పైరోజుకల్లా చావాల్సిందే. చలికి పాలు తోడుకోవని మన ఇళ్లలో ఆడవాళ్లు ఎండుమిరపకాయ తొడిమలు వేస్తారన్న సంగతి ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. భ్రమరాంబ వాళ్లమ్మా వేసేది, నస్రీన్ వాళ్లమ్మా వేసేది. ఇంట్లో తెలిసిన సంగతిని ఇంట్లోనే వదిలేసి వచ్చారు అందరూ. ఆ తొడిమల్లో ఏముంటుందో పరీక్ష చేయాలని ఒక్కరికీ తోచలేదు.

మాఘమాసం వచ్చింది. సామర్లకోటలో పెద్ద పెళ్లి ఒప్పుకున్నాడు కామేశం. పాలు కాచి గుండిగల్లో పోయించాక చూస్తే తెచ్చుకున్న తోడు గిన్నె దారిలో ఒలికిపోయింది. ఇంటికి మనిషిని పంపితే ఇంటికి తాళం, భ్రమరాంబ ఇంకా పనినుంచి రాలేదు. ఆ వచ్చిన మనిషి పక్కింటి తలుపు కొట్టాడు. తోడు అడిగితే లేదనేవాళ్లెవరు? వరహాలమ్మ గిన్నెడు పెరుగు ఇచ్చింది. తినగా కప్పుల్లో అంటుకున్నది పారెయ్యడానికి ప్రాణమొప్పక, కడిగి పాలలో కలిపి తోడుపెట్టిన పెరుగు అది. దానికి చలికాలమని నాలుగు తొడిమలు ఆవిడా వేసింది. ఆ గిన్నెడు గుండిగల్లో కలిపి, కామేశం దోసెడు తొడిమలు వేసి, గోనెలు కప్పి పడుకున్నాడు. పొద్దున్నకి పెరుగు కత్తితో కోసేలా తోడుకుంది. పెళ్లికొచ్చిన ఊరు ఊరంతా తిన్నది. చివరి పంక్తి లేచాక కామేశంతో సహా వంటవాళ్లంతా కూర్చుని అదే పెరుగు కడుపునిండా తిన్నారు.

తర్వాత కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర భ్రమరాంబ అలవాటు ప్రకారం నోరు తెరవబోతుంటే, కామేశం తనే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "చాలే" అన్నాడు.

భ్రమరాంబ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉంది. ఎందుకో ఇంక తినాలనిపించట్లేదు."

ఆవిడ గరిటె పక్కన పెట్టేసింది. పెరట్లోకి వెళ్లి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చింది. ఇన్నాళ్లకు మనిషికి బుద్ధొచ్చిందనుకుంది. నెల తిరిగేసరికి షుగరు దిగింది. కాలి మచ్చ ఎండి శుభ్రంగా తోలు కట్టింది. పాతికేళ్లలో మొదటిసారి భ్రమరాంబ ఒళ్లెరగకుండా నిద్రపోయింది. ఏమైందీ అని ఆరా తీయాల్సిన మనిషి, సంతోషం కొద్దీ తీయలేదు.

ఆరా తీసే రోజు దానంతటదే వచ్చింది. పెద్దాపురం పెళ్లినుంచి కామేశం వేళ కాని వేళ తిరిగొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అరుగు మీద కూర్చున్నాడు. వెనకాలే వచ్చిన అప్పన్న తలుపు దగ్గర నిలబడ్డాడు. కామేశం పక్కన గరిటె తిప్పడం మొదలుపెట్టి ముసలివాడైన మనిషి అతను.

"ఏమైంది అప్పన్నా?" అంది భ్రమరాంబ.

"ముక్కల పులుసులో ఉప్పు రెండుసార్లు పడిపోయిందమ్మగారండీ. బాబుగారు రుచి చూసి చాల్లేదన్నారు, నేనూ చూశాను, నాకూ ఏం తెలవలేదండీ. పెళ్లోరు ఏమీ అనలేదండి. ఆకుల్లో వదిలేసి లేచిపోయారంతే."

"భ్రమరా, నా నాలుక చచ్చిపోయిందే" అన్నాడు కామేశం. ఆయన గొంతు అలా ఉండగా ఆవిడ ఎన్నడూ వినలేదు. వేలు తీసేసిన రోజు కూడా ఆయన నవ్వుతూ ఏదో అన్నాడు. "పొద్దున ఉప్మా తిన్నానా, ఇక అంతే. పప్పు, పులుసు, పాకం ఏది నోట్లో పెట్టినా ఒకటే. తడిసిన అట్టముక్క నముల్తున్నట్టుంది."

ఆ అట్టముక్క మాట భ్రమరాంబ ఇదివరకు వరహాలమ్మ నోట విన్నది. ఎక్కడ తిన్నారు, ఏం తిన్నారు అని ఒక్కొక్కటే అడిగింది. సామర్లకోట పెళ్లి, వరహాలమ్మ ఇచ్చిన గిన్నె, తొడిమలు, అన్నీ ఆయన చెప్పాడు. తొడిమలు అన్నప్పుడు ఆమె తల పట్టుకుంది.

మర్నాడు ఆమె అన్నీ దాచకుండా పైవాళ్లకు చెప్పింది. కామేశం నెత్తురు పరీక్ష చేసిన నస్రీన్, కాగితం తెచ్చి భ్రమరాంబ ముందు పెట్టింది. తొడిమలనూ పరీక్ష చేస్తే, ఆ సూక్ష్మజీవికి కావలసినది వాటిలో కొంచెం ఉంది. ఆ కొంచెంతో బతికి, ఆ గుండిగల్లో లక్షల కొద్దీ పిల్లల్ని కని, ఆ పిల్లలు ఏ పథ్యమూ లేకుండా బతకడం నేర్చేసుకున్నాయి. ఇక అవి కడుపులోనుంచి వాటంతటవి పోవు.

"పోగొట్టే మందు లేదా?" అంది భ్రమరాంబ.

"ఉంది మేడం. గట్టి మందే. వాడితే మొత్తం చచ్చిపోతాయి. సార్ నాలుక తిరిగొస్తుంది." నస్రీన్ కాగితంలో షుగరు అంకె మీద వేలు పెట్టింది. "పాత షుగరూ తిరిగొస్తుంది."

పరిశోధనశాల పెద్దలు మొదట కంగారు పడ్డారు. తర్వాత సామర్లకోట నుంచి కబుర్లు రావడం మొదలైంది. ఆ పెళ్లిభోజనం చేసినవాళ్లకు బరువులు తగ్గాయి, మందుబిళ్లలు తగ్గాయి. ఇంక చూసుకోండి, గేటు ముందు జనం! మా బావమరిదికి పెట్టండి, మా అత్తగారికి పెట్టండి అని ఒకటే గోల. మందు వాడి దాన్ని వదిలించుకుంటామని వచ్చిన వాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. రుచి పోయిందని ఎవరైనా అడిగితే, "పోతే పోయింది, అరికాళ్ల మంటలు చల్లారాయి" అన్నాడు ఒక పెద్దమనిషి. ఆయన మాట తప్పేమీ కాదు. ఆరోగ్యంగా తినమని, ఆకుకూరలు తినమని, వేపుళ్లు మానమని భ్రమరాంబ ఊరూరా తిరిగి గొంతు చించుకున్నప్పుడు విననివాళ్లు, ఇప్పుడు చెప్పకుండానే మితంగా తింటున్నారు. గెలిచింది కదా, గెలిచినట్టు ఆమెకే అనిపించలేదు.

కామేశానికి మిగిలిన ముహూర్తాలు ఇంకా ఉన్నాయి. వాటిని ఎవరి నాలుకతో వండాలి? అప్పన్నా, మిగతా వంటవాళ్లూ అందరూ ఆ గుండిగ పెరుగే తిన్నారు. బయటినుంచి ఎవరెవరినో పిలిచి రుచి చూపించాడు. మేనల్లుడు వచ్చాడు, "బాగుంది మావయ్యా" అన్నాడు. పెళ్లివారి బంధువు ఒకాయన చూశాడు, "కామేశంగారి వంటకి వంక పెట్టేదేముందండీ" అన్నాడు. అది పులిహోర, అందులో పులుపే తగల్లేదని తర్వాత తెలిసింది.

అప్పుడు ఆయనకు ఒక ఉపాయం తోచింది. ఒంటికి కావలసింది అందితేనే కదా నాలుక మూసుకునేది? అందకుండా చేస్తే? ముందురోజు నుంచే తినడం మానేసి వంటకు వెళ్లాడు. నిజమే, నాలుక పనిచేసింది. పప్పులో ఉప్పు తెలిసింది, చారులో ఇంగువ తెలిసింది. ఆ ఆనందంలో కొబ్బరన్నం దాకా వచ్చి, కళ్లు తిరిగి పొయ్యి పక్కన పడిపోయాడు. చెయ్యి మూకుడు అంచుకు తగిలి కాలింది. పొయ్యిలో పడాల్సిన మనిషిని అప్పన్న చొక్కా పట్టి లాగాడు.

ఆస్పత్రినుంచి తీసుకొచ్చాక భ్రమరాంబ ఆయన చేతికి లేపనం రాస్తూ కూర్చుంది.

"నాలుక తిరిగొచ్చే ఆ మందేదో ఇప్పించవే" అన్నాడు కామేశం.

"ఇప్పించను."

"నా నాలుక నాదే కదే?"

"కాలో? కాలు ఎవరిది? వేలు పోయింది సరిపోలేదా? ఆ డాక్టరు ఏం చెప్పాడో నేనొక్కదాన్నే విన్నానా?"

"పాదం లేకపోతే కూర్చుని వండుతాను. నాలుక లేకపోతే కూర్చుని ఏం చెయ్యను?" కామేశం కాలిన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "నిన్ను చదివించింది ఈ నాలుకేనే భ్రమరా. ఊళ్లో వాళ్లంతా నవ్వినా చదివించింది. ఇప్పుడు నువ్వు చదివిన చదువే దాన్ని..." అని ఆపేశాడు. పూర్తిచేసి ఉంటే బాగుండేది. ఆగిపోయిన మాట ఎక్కువ గుచ్చుకుంది.

భ్రమరాంబ లేపనం డబ్బా కింద పెట్టింది. "ఆ సంగతి నాకు తెలీదనుకున్నారా? రోజూ తెలుస్తూనే ఉంటుంది. కానీ నిజం చెబుతున్నాను వినండి. పాదం లేని మిమ్మల్ని లేపి కూర్చోబెట్టే ఓపిక నాకు లేదు. మళ్లీ మీ కంచం ముందు కాపలా కూర్చునే ఓపిక అంతకన్నా లేదు. పాతికేళ్లు కూర్చున్నాను. అలిసిపోయానండీ. చచ్చేంత అలిసిపోయాను. మీరు బతికుండాలి, అంతే నాకు కావలసింది. మీకు కోపమొస్తే రానీండి."

కామేశం కోప్పడలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. అది మొదలు తిండి వేళకు వచ్చేవాడు, ఒంటికి కావలసినంత తిని లేచేవాడు. ఇల్లు ఆస్పత్రిలా తయారైంది. కూర ఎలా ఉందని ఆయన అనడు, ఉప్పు ఎక్కువైందని ఆవిడ అనదు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు మనుషులు నాలుగు నిమిషాల్లో కంచాలు కడిగేసుకునేవారు.

చివరికి ఒక ఉదయం ఆయనే కదిలాడు. "సరేనే. మందు అడగను. అయితే నువ్వు రా నాతో. నువ్వు రుచి చూడు."

"నేనా? నాకేం తెలుసండీ వంట? మీరే నవ్వేవారు కదా నా చారుకి."

"నాకు నచ్చని మాట ఈ జన్మలో నా మొహం మీద చెప్పినదానివి నువ్వొక్కత్తివే. అందరూ బాగుందనేవాళ్లే. వాళ్ల నాలుకలు నాకెందుకు? నువ్వు అబద్ధమాడవు. అది చాలు నాకు."

ఆ పెరుగు కనిపెట్టిన మనిషి తను కనుక ఆమె ఒక్క చెంచా కూడా తినలేదు. ఇంట్లో ఆమె నాలుక ఒక్కటే చెడకుండా ఉంది. ఆయన్ను బతికించుకోవడానికి అడిగిన వెల ఇదైతే ఇది తక్కువేనని భ్రమరాంబ లెక్క వేసుకుంది. సెలవు పెట్టి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, గాడిపొయ్యి పక్కకు వెళ్లి నిలబడింది.

మొదట్లో తల ప్రాణం తోకకొచ్చింది ఇద్దరికీ. "ఎలా ఉంది?" అని ఆయన, "ఏదో తక్కువైంది" అని ఆవిడ. "ఏదో అంటే ఏది? ఉప్పా, పులుపా, కారమా, పోపు మాడిందా?" "తెలీదండీ, ఏదో!" "ఇన్నేళ్లు ఏం తిన్నావే నా ఇంట్లో?" అని ఆయన నెత్తి కొట్టుకున్నాడు. నిజంగానే ఏం తిన్నదో ఆమెకు తెలియదు. రుచి చూసి పక్కన ఉమ్మేస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. వందలమందికి వండే పొయ్యి దగ్గర ఉమ్మడమేమిటి, పైగా గొంతు దిగితే గాని పులుసు సంగతి బయటపడదు అన్నాడు. దేవుడికి తీసి పక్కన పెట్టగానే, జనం రాకముందే, ఆమెకు ఆకు వేసి అన్నీ వరసగా వడ్డించేవాడు. బూరె తిన్న నోటికి కూర ఎలా ఉంది, కూర తర్వాత పులిహోర ఎలా ఉంది, అన్నీ అయ్యాక పెరుగు ఎలా ఉంది చెప్పాలి. పూర్తి భోజనం చేస్తే గాని చెప్పగలిగేవి కావవి.

అలా చేస్తూ చేస్తూ ఉండగా ఒకనాడు తుని దగ్గర పెళ్లిలో పనసపొట్టు కూర నోట్లో పెట్టుకుని భ్రమరాంబ అలాగే ఉండిపోయింది. ఆవఘాటు ముక్కులోకి ఎక్కింది, వెనకాలే పనసపొట్టు మెత్తగా నలిగింది, ఎక్కడో ఎండుమిరప కరకరలాడింది. ఇదా ఈయన ఇన్నాళ్లూ చేసింది? ఇది నా పక్కనే ఉంటే నేను ఆయన కంచంలో గరిటెలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నానా? కళ్లలో నీళ్లొచ్చేశాయి.

"ఏమే, ఆవ ఎక్కువైందా?" అన్నాడు కామేశం కంగారుగా.

"లేదండీ. సరిగ్గా ఉంది. ఇంకొంచెం పెట్టండి."

ఆయన మొహం వెలిగిపోయింది. సామర్లకోట పెళ్లి తర్వాత ఆయన వడ్డించిన పంక్తుల్లో ఇంకొంచెం అడిగేవాళ్లు పలచబడిపోయారు. సగం ఆకు దాకా తిని ఆగిపోయే జనానికి వండడం ఎంత కష్టమో ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు భార్య అడిగింది. రెండు గరిటెలు వేశాడు. భ్రమరాంబ రెండూ తిన్నది. ఇంటికొచ్చే దారిలో వ్యాన్లో ఆమె ఆయన భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది, ఆయన ఇంగువ ఎక్కడ కొనాలో అప్పన్నతో వాదిస్తూనే ఉన్నాడు.

పేరు మళ్లీ నిలబడింది. ఏడాది గడిచింది. పరిశోధనశాలలో సిబ్బందికి ఏటేటా చేసే పరీక్షలు చేశారు. నస్రీన్ భ్రమరాంబ కాగితాన్ని మిగతావాటితో పాటు ఇవ్వకుండా విడిగా తీసుకొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"మేడం, షుగరు దాటింది. కొంచెం కాదు."

భ్రమరాంబ కాగితం అందుకుని చూసింది. ఇలాంటి కాగితాలు కామేశంవి ఎన్ని చూడలేదు! అంకెలు కొత్తగా ఏమీ కనిపించలేదు. వాటి పైన ఉన్న పేరొక్కటే కొత్త.

నస్రీన్ ఫ్రిజ్ తెరిచి ఒక కప్పు తీసి బల్ల మీద పెట్టింది. ఇప్పుడది ఎవరైనా అడిగి తీసుకోవచ్చు, అనుమతులన్నీ వచ్చేశాయి. "ఇవాళే మొదలుపెట్టండి మేడం. మీరు చేసిందే కదా."

"నేను తింటే ఆయనకెవరు రుచి చూస్తారు?"

"ఎవరో ఒకర్ని పెట్టుకుంటారు."

"పెట్టి చూశాడు. మా ఇంట్లో పనిచేసే నాలుక ఒక్కటే మిగిలింది నస్రీన్. దాన్నీ మూసేస్తే ఆయన ఆ గట్టి మందు అడుగుతాడు. ఈసారి నేను కాదనలేను. ఆ పాదం..." భ్రమరాంబ కళ్లజోడు తీసి మొహం తుడుచుకుంది. "మాత్రలు రాయించుకుంటాలే."

"మాత్రలు వేసుకుంటూ బూరెలు తింటే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా మేడం? పోనీ సార్‌కి చెప్పండి. విషయం తెలిస్తే ఆయనే మిమ్మల్ని రానివ్వరు."

"అందుకే చెప్పను" అంది భ్రమరాంబ. కప్పును తనే తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టేసింది. నస్రీన్ కళ్లు తడవడం చూసి భుజం తట్టింది.

మర్నాడు పెద్దాపురంలో పెళ్లి. ఏ ఊళ్లో పులుసు పాడైందో ఆ ఊళ్లోనే మళ్లీ పిలిచారని కామేశం తెల్లవారకుండానే లేచి హడావుడి చేశాడు. మండపం వెనక పొయ్యిలు మండుతున్నాయి. నాదస్వరం వాళ్లు ఇంకా శృతి సరిచూసుకుంటున్నారు. కామేశం అలవాటు ప్రకారం ఆమెకు పీట వేసి, ఆకు పరిచి, ఒక్కొక్కటీ వడ్డించి, తను ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఆమె మొహం మీదే ఆయన చూపు.

భ్రమరాంబ బూరె విరిచింది. లోపల పూర్ణం మీద ఆయన నెయ్యి పోశాడు. తిన్నది. కూర తిన్నది, పులిహోర తిన్నది, పులుసు ఆకు మీద వేయించుకుని వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది.

"బూరె బాగుంది. యాలకులు ఇంకాస్త పడితే బాగుండేది కానీ, ఇప్పుడేం చేస్తాం. కూరలో వంక పెట్టేదేం లేదు. పులుసుకే ఉప్పు చాల్లేదు. తీపి ముందుకొచ్చేస్తోంది."

"ఎంత చాల్లేదు?"

"ఆ గిన్నెకి చారెడు పడుతుంది. భయపడకండి, నేనున్నాగా."

ఆయన తేలిగ్గా నవ్వాడు. అప్పన్నను కేకేసి ఉప్పు తెమ్మన్నాడు. మళ్లీ ఆమెవైపు తిరిగి, ఇంకో బూరె తీసి ఆకులో పెట్టబోతూ ఆగాడు. "అవునే, నిన్న నీ పరీక్షల కాగితం వస్తుందన్నావు. వచ్చిందా?"

"వచ్చిందండీ."

"ఎలా ఉంది?"

ఆయన ఆమె కళ్లలోకే చూస్తున్నాడు. పులుసు సంగతి అడిగినప్పుడు ఎలా చూశాడో ఇప్పుడూ అలాగే చూస్తున్నాడు. ఆమె ఏది చెబితే అది నమ్మి, ఆ ప్రకారం వందలమందికి వండే మనిషి.

"బాగుంది" అంది భ్రమరాంబ.

కామేశం తల ఊపి, బూరె ఆకులో పెట్టి, ఉప్పు అందుకుని పులుసు గిన్నె వైపు వెళ్లాడు.